పళ్ళేలు మార్చి తూచిన వేగం

భూమి ఎంత వేగంగా పోతోందని అడిగితే బడిపిల్లలు రెండు జవాబులు చెబుతారు. తన చుట్టూ తాను తిరగడంలో భూమధ్యరేఖ దగ్గర సెకనుకు దాదాపు అర కిలోమీటరు. సూర్యుడి చుట్టూ తిరగడంలో సెకనుకు 30 కిలోమీటర్లు. ఖగోళశాస్త్రం తెలిసినవాళ్లు ఇంకొకటి కలుపుతారు. సూర్యుడు మనందరినీ వెంటబెట్టుకుని పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు 220 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతున్నాడు. మూడూ నిజమే. అయితే ఈ మూడింటిలోనూ దేన్ని బట్టి కొలవాలో ముందే తేలిపోయింది. భూమి ఇరుసు, సూర్యుడు, పాలపుంత కేంద్రం. మరి పాలపుంత మొత్తంగా ఎటు పోతోంది, ఎంత వేగంతో పోతోంది? అక్కడ పాతిన గుంజ లేదు, దాటిపోయే మైలురాయి లేదు. పక్క గెలాక్సీని ఆనవాలుగా పెట్టుకుందామంటే అదీ కదులుతూనే ఉంది.

ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు 1977లో వచ్చింది. తెచ్చినవాళ్లు కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన జార్జ్ స్మూట్, మార్క్ గోరెన్‌స్టైన్, రిచర్డ్ ముల్లర్. అంతరిక్షంలోకి ఉపగ్రహాన్ని పంపి కాదు, ఒక పాత గూఢచారి విమానం వీపు మీద రెండు కొమ్ముల పరికరాన్ని అమర్చి సాధించారు. వాళ్లు కనిపెట్టిన సంఖ్య చాలా పుస్తకాల్లో ఉంది. ఆ పరికరాన్ని ఎలా కట్టారో మాత్రం అరుదుగా రాస్తారు. నాకు ఆ సంఖ్య కన్నా ఆ కట్టుబడే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది.

ముందు ఒక పాత ఓటమిని తలుచుకోవాలి. 1887లో క్లీవ్‌లాండ్‌లో ఆల్బర్ట్ మైకల్సన్, ఎడ్వర్డ్ మోర్లీ ఇదే ప్రశ్నను మరో విధంగా అడిగారు. కాంతి తరంగాలను మోయడానికి విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉంటుందని అప్పటి నమ్మకం. అది కదలకుండా ఉంటే, దాంట్లోంచి దూసుకుపోతున్న భూమికి ఎదురుగాలి తగలాలి. వాళ్లు ఒకటిన్నర మీటర్ల చదరపు ఇసుకరాయి పలకను పాదరసం మీద తేల్చి, దానిపై అద్దాలు బిగించి, ఒకే కాంతిని రెండు దారులుగా చీల్చి మళ్లీ కలిపారు. తర్వాత ఆ బండను మెల్లగా తిప్పారు. తిప్పినప్పుడు ఎదురుగాలి దారి, అడ్డగాలి దారి ఒకదాని చోటికి ఒకటి రావాలి, కాంతి చారలు పక్కకు జరగాలి. ఆశించినంత జరగలేదు. 1905లో ఐన్‌స్టైన్ ఆ ఓటమికి అర్థం చెప్పారు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో కూర్చుని ఏ ప్రయోగం చేసినా నిలకడైన వేగాన్ని కనిపెట్టలేం. శూన్యంలో గుంజ పాతి లేదు.

ఈథర్ పోయింది గానీ, ఆ బండను తిప్పిన ఆలోచన పోలేదు. పరికరాన్ని తిప్పితే దాని సొంత లోపం దాంతోపాటే తిరుగుతుంది, బయటి సంగతి తిరగదు. తొంభై ఏళ్ల తర్వాత బర్క్‌లీ వాళ్లు ఆసరాగా పట్టుకున్నది సరిగ్గా దీన్నే.

ఈలోగా కిటికీలోంచి చూడడానికి ఒకటి దొరికింది. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌ల యాంటెనాకు అన్ని దిక్కుల నుంచీ ఒకే రకమైన రొద వినిపించింది. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు పొగమంచు లాంటి వేడి వాయువు విడిపోయి బయటపడిన కాంతి అది. విశ్వం విస్తరించేకొద్దీ చల్లారి ఇవాళ 2.7 కెల్విన్ల మైక్రోవేవ్‌గా మిగిలింది. ఇది ఒక చోట లేదు, అంతటా ఉంది. అందులో నిలబడినవాడికి అన్ని వైపులా ఒకే వేడి కనిపిస్తుంది. కదిలేవాడికి ఎదుటివైపు కాస్త వెచ్చగా, వెనకవైపు కాస్త చల్లగా కనిపిస్తుంది. దగ్గరికొచ్చే రైలు కూత సన్నబడి, దూరమయ్యేటప్పుడు లావయ్యేలా చేసే డాప్లర్ ప్రభావమే ఇక్కడా పనిచేస్తుంది. లెక్క చాలా తేలిక. మన వేగం కాంతి వేగంలో ఎన్నో వంతో, ఎదుటివైపు వేడి అన్నో వంతు పెరుగుతుంది. సెకనుకు 300 కిలోమీటర్లంటే కాంతి వేగంలో వెయ్యోవంతు. 2.7 కెల్విన్లలో వెయ్యోవంతు అంటే సుమారు మూడు మిల్లీకెల్విన్లు.

ప్రిన్స్‌టన్‌కు చెందిన జేమ్స్ పీబుల్స్ 1971 నాటి తన పుస్తకంలో ఈ కొలతకు కొత్త ఈథర్ ప్రయోగమని పేరు పెట్టారు. ముల్లర్‌ను దీనివైపు లాగింది ఆ పుస్తకమే. ఇందులో ఐన్‌స్టైన్‌ను కాదన్నది ఏమీ లేదని ఇక్కడే చెప్పాలి. ఈ కాంతి శూన్యంలో పాతిన గుంజ కాదు. చాలా దూరపు గెలాక్సీలో ఒకరు దీన్నిబట్టి నిశ్చలంగా ఉండొచ్చు, ఇక్కడ మరొకరూ నిశ్చలంగా ఉండొచ్చు. అయినా విశ్వం విస్తరిస్తున్నందువల్ల వాళ్లిద్దరూ ఒకరికొకరు దూరమవుతూనే ఉంటారు. ఎక్కడికక్కడ, చుట్టూ ఉన్న దాన్నిబట్టి కొలుచుకునే వేగం ఇది.

మూడు మిల్లీకెల్విన్లు కొలవడం ఎంత కష్టమో ఒక్క పోలికతో తెలుస్తుంది. మన కాళ్లకింద నేల సుమారు 300 కెల్విన్ల వేడితో ఇదే మైక్రోవేవ్‌ను వెదజల్లుతోంది. వెతుకుతున్న తేడా అందులో లక్షోవంతు. గాలిలోని నీటి ఆవిరి, ఆక్సిజన్ కూడా మెరుస్తుంటాయి. పాలపుంతలోని ఎలక్ట్రాన్లు తక్కువ పౌనఃపున్యాల దగ్గర గోల చేస్తాయి. పరికరంలోని తీగలు, గొట్టాలు, చివరికి రిసీవరు కూడా తమ వేడితో తామే రొద పెడతాయి. బర్క్‌లీ రిసీవరును ద్రవ హీలియంలో ముంచి చల్లబరచలేదు. గది వేడిలోనే నడిపారు. ఆకాశపు తేడా కన్నా వేల రెట్లు పెద్ద రొద పెట్టే యంత్రంతో ఆ తేడాను పట్టడానికి కూర్చున్నారు.

అసలు పనితనం ఇక్కడ మొదలవుతుంది. ఆకాశం వేడి ఎంత అని ఆ యంత్రం అడగదు. ఈ పక్కకూ ఆ పక్కకూ తేడా ఎంత అని మాత్రమే అడుగుతుంది. దీని వెనక రాబర్ట్ డికీ ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ పరిశోధనలో ఉండగా ఆయన ఒక రేడియోమీటర్ తయారుచేశారు. రిసీవరును ఒకసారి యాంటెనాకు, మరుక్షణం వేడి తెలిసిన వస్తువుకు కలుపుతూ పోవాలి. రిసీవరు బలం మెల్లగా మారుతున్నా, ఆ మార్పు రెండింటికీ సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెడదు. బర్క్‌లీ వాళ్లు ఆ తెలిసిన వస్తువును తీసేసి, దాని చోట రెండో యాంటెనా పెట్టారు. నడినెత్తి నుంచి ఒకటి ఇటు 30 డిగ్రీలు, ఒకటి అటు 30 డిగ్రీలు వంగి చూస్తాయి. మధ్య 60 డిగ్రీల ఎడం. ఫెర్రైట్‌తో చేసిన స్విచ్ సెకనుకు వంద సార్లు రిసీవరును ఒక యాంటెనా నుంచి రెండోదానికి మారుస్తుంది. ఆకాశమే ఆకాశానికి తూనికరాయి అయింది.

ఆ యాంటెనాల దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. అవి కొమ్ము ఆకారంలో ఉంటాయి. లోపలి గోడ నున్నగా ఉండదు. చుట్టూ వరసగా గాడులు కోసి ఉంటాయి. నున్నటి కొమ్ము తను చూస్తున్న వైపు నుంచే కాక, అంచుల చుట్టూ వంగి వచ్చే తరంగాలను కూడా పక్కదారిన లోపలికి రానిస్తుంది. అలా కింది నేల వేడి కొంచెం దూరినా అంతా వృథా. సరైన లోతుతో, సరైన ఎడంతో కోసిన గాడులు ఆ పక్కదారులను మూసేస్తాయి. చూపు మధ్యనుంచి 60 డిగ్రీలు దాటాక ఈ కొమ్ములకు వినబడేది, ఎదుటివైపు వినబడే దానిలో ముప్పై లక్షల వంతు కూడా ఉండదు. రేడియో భాషలో 65 డెసిబెళ్లకు పైగా తగ్గుదల. ఖాళీ గొట్టంలా కనిపించే లోహపు ముక్కలో ఇంతటి మౌనం కోసి పెట్టిన పనివాళ్ల పేర్లు శాస్త్ర చరిత్రలో ఎక్కడో ఒక మూల కూడా పెద్దగా కనిపించవు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

పని చేసే పౌనఃపున్యం కూడా అంతే జాగ్రత్తగా ఎంచారు. 33 గిగాహెర్ట్జ్ అంటే తొమ్మిది మిల్లీమీటర్ల తరంగం. ఇంకా కిందికి దిగితే పాలపుంత రొద పెరుగుతుంది. నీటి ఆవిరి 22 దగ్గర, ఆక్సిజన్ 60 దగ్గర అడ్డుపడతాయి. వాటి నడుమ సందు చూసి దూరారు.

కొమ్ములు ఎంత బాగున్నా రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాని గొట్టంలో రవ్వంత ఎక్కువ నష్టం, స్విచ్‌లో ఒకవైపు కొంచెం వంకర. ఆకాశం నిజంగా సమానంగా ఉన్నా యంత్రం తేడా ఉందనే చెబుతుంది. పాసంగం కట్టని తక్కెడ ఇలాంటిదే. దాన్ని పట్టుకోవడం మన సంతల్లో అందరికీ తెలుసు. సరుకునూ రాళ్లనూ పళ్ళేలు మార్చి మళ్లీ తూచమంటాం. ముల్లు రెండోసారి రెండోవైపు మొగ్గితే బరువులో తేడా ఉన్నట్టు, ఒకేవైపు మొగ్గితే తక్కెడలో మోసం ఉన్నట్టు. బర్క్‌లీ యంత్రం 64 సెకన్లకోసారి మొత్తంగా అర చుట్టు తిరుగుతుంది. ఎడమవైపు చూసిన కొమ్ము కుడివైపుకు వస్తుంది. ఆకాశపు తేడా గుర్తు మారుతుంది, యంత్రపు వంకర మారదు. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఆకాశం.

అక్కడితో ఆగి ఉంటే మంచి ప్రయోగం అయ్యేది. వాళ్లు ఆగలేదు. కొమ్ములను తిప్పినా విమానం తిరగదు కదా. విమానం ఒకవైపు రెక్క నుంచి కొంచెం ఎక్కువ వేడి తగులుతుంటే, లేదా విమానం ఎప్పుడూ ఒక పక్కకు రవ్వంత ఒరిగి ఎగురుతుంటే? ఒరిగినప్పుడు ఒక కొమ్ము గాలి మందంగా ఉన్నవైపు చూస్తుంది. ఆ తప్పు విమానానికి అంటుకుని ఉంటుంది. కొమ్ములు మార్చినప్పుడు అది కూడా ఆకాశంలాగే గుర్తు మార్చి మోసం చేస్తుంది. అందుకని విమానాన్నే తిప్పారు. ఒక దిక్కున తిన్నగా ఎగిరి, అదే దారిన వెనక్కి మళ్లేవారు. విమానానికి అంటిన తప్పు విమానంతో పోతుంది, ఆకాశం అక్కడే ఉంటుంది. పైగా 54 గిగాహెర్ట్జ్ దగ్గర రెండో చిన్న రేడియోమీటర్ పెట్టారు. ఆక్సిజన్ బాగా మెరిసే చోటు అది. ప్రధాన యంత్రం దేన్ని చూడకూడదో దాన్ని మాత్రమే చూడడం దాని పని. విమానం ఏ కొంచెం ఒరిగినా గాలి తేడా దానికి పెద్దగా కనిపిస్తుంది.

ఆ విమానం యూ-2. 1955లో తొలిసారి ఎగిరింది, సోవియట్ భూభాగాన్ని ఫొటోలు తీయడానికి కట్టింది. నాసా వారి ఏమ్స్ కేంద్రం 1971 నుంచి అలాంటి వాటిని సర్వేల కోసం వాడుతూ ఉండేది. సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున, ఒకే పైలట్ ప్రెషర్ సూట్ వేసుకుని నడిపే విమానం. ఆ ఎత్తుకు నీటి ఆవిరి దాదాపు పూర్తిగా, గాలిలో అధిక భాగం కిందే ఉండిపోతాయి. గూఢచర్యం కోసం కట్టిన విమానం కెమెరాలన్నీ కిందికే చూస్తాయి. ఈ పనికి పైకి చూసే మూత కావాల్సి వచ్చింది, దాన్ని ప్రత్యేకంగా అమర్చారు. బెలూన్లు ఇంకా పైకి పోగలవు గానీ అవి ఊగుతాయి, తిరుగుతాయి. యూ-2 చెప్పిన దారిన స్థిరంగా పోతుంది. అన్నీ కలిసి, నలభై నిమిషాల పరిశీలనలో ఒక మిల్లీకెల్విన్ వరకు తేడా పట్టగలిగేవి. అంటే మూడు కెల్విన్లలో మూడు వేల వంతు.

ఇంకా ఒక అనుమానం మిగులుతుంది. ఫెర్రైట్ అయస్కాంత పదార్థం. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని తాకితే, ఆ క్షేత్రం విమానంతో తిరగదు కాబట్టి విమానాన్ని మళ్లించినా ఆ తప్పు పోదు. ఇదే కాంతిని కొలవడానికి తర్వాత వచ్చిన కోబీ ఉపగ్రహంలో కూడా ఈ ప్రభావాన్ని లెక్కగట్టి తీసేయాల్సి వచ్చింది. దీనికి మందు ఒక్కటే. వేర్వేరు వేళల్లో, వేర్వేరు నెలల్లో ఎగరడం. భూమికి అంటిన తప్పు భూమితోపాటే ఉంటుంది. అసలు సంకేతమైతే నక్షత్రాలతోపాటు జరగాలి. ఒక్కొక్క తిప్పుడూ తన కింది దాని దొంగతనాన్ని పట్టే కాపలా. స్విచ్ మీద యంత్రం, యంత్రం మీద విమానం, విమానం మీద భూమి తిరుగుడు. ఎక్కడా స్థిరబిందువు లేదు. అయినా నిజం ఎటూ తప్పించుకోలేదు.

ముందు నడిచినవాళ్లకు దక్కాల్సింది దక్కాలి. ఎడ్వర్డ్ కాంక్లిన్ 1969లోనే నేలమీది నుంచి, పాల్ హెన్రీ 1971లో బెలూన్‌తో, ఆ తర్వాత ప్రిన్స్‌టన్‌కు చెందిన కోరీ, విల్కిన్సన్ కూడా బెలూన్‌తో ఈ తేడా జాడ పట్టారు. సందేహానికి తావులేకుండా చూపింది మాత్రం యూ-2 ప్రయోగం. 1977 అక్టోబరులో అచ్చయిన ఫలితం ఇది: సింహరాశి వైపు ఆకాశం 3.5 మిల్లీకెల్విన్లు వెచ్చన, ఎదుటివైపు అంతే చల్లన. వేగం సెకనుకు 390 కిలోమీటర్లు, అటూ ఇటూ 60.

తర్వాత వచ్చిన లెక్క అందరినీ ఆశ్చర్యపరిచింది. పాలపుంతలో సూర్యుడి పరుగు హంస నక్షత్రరాశి వైపు. కొలిచిన దిక్కు దాదాపు దానికి వ్యతిరేకం. కాబట్టి సూర్యుడి పరుగును తీసేస్తే పాలపుంత మొత్తం సెకనుకు సుమారు 600 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు తేలింది. అంత వేగం ఎవరూ ఊహించలేదు. అటువైపు దూరంగా ఏ భారీ రాశుల ఆకర్షణ మనల్ని లాగుతోందని వెతుకులాట మొదలై, 1980లలో గెలాక్సీల సామూహిక ప్రవాహాల అధ్యయనంగా విస్తరించింది. ఈ ముందువెనకల తేడా తప్ప ఆకాశంలో ఇంకే వంకరా ఆ యంత్రానికి కనిపించలేదు. విశ్వం అంత సమంగా ఉందనడం కూడా గొప్ప ఫలితమే.

1979లో స్మూట్ బృందం యూ-2ను పెరూలోని లిమాకు తీసుకెళ్లి దక్షిణార్ధగోళపు ఆకాశాన్నీ కొలిచింది. 1989 నవంబరు 18న ఎగిరిన కోబీ ఉపగ్రహంలో 60 డిగ్రీల ఎడంతో చూసే అవే జంట కొమ్ములు ఉన్నాయి. ఈసారి కొమ్ములను తిప్పడానికి మోటారు అక్కర్లేదు, ఉపగ్రహమే తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ యంత్రం 1992లో పట్టిన మరింత సన్నని హెచ్చుతగ్గులకు, జాన్ మాథర్‌తో కలిపి స్మూట్‌కు 2006లో నోబెల్ వచ్చింది.

కోబీ, ఆ తర్వాత 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం ఒక అడుగు ముందుకేశాయి. యంత్రం చూపే సంఖ్యను మిల్లీకెల్విన్లలోకి మార్చడానికి తెలిసిన వేడి ఏదైనా కావాలి. ఆ ఉపగ్రహాల బృందాలు భూమి ప్రదక్షిణనే ఆ కొలబద్దగా వాడాయి. సూర్యుడి చుట్టూ భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లని కచ్చితంగా తెలుసు. ఏడాదిలో ఆ వేగం దిక్కు మారుతుంటే ఆకాశపు తేడాలో 0.27 మిల్లీకెల్విన్ల ఊపు రావాలి. వచ్చిన ఊపును బట్టి యంత్రానికి గీతలు దిద్దుకున్నారు. తెలిసిన కదలికతో తెలియని కదలికను కొలిచారు. ప్లాంక్ చివరి సంఖ్య సెకనుకు 369.8 కిలోమీటర్లు, పొరపాటు పదోవంతు కిలోమీటరు. ప్లాంక్ బృందం 2013లో వేడి తేడాను పక్కనబెట్టి, ఆకాశంలోని సన్నని మచ్చలు మన ముందువైపు కాస్త దగ్గరికి జరిగి కనిపించడాన్ని పట్టుకుని కూడా అదే వేగాన్ని రాబట్టింది. ఆ కొలతలో పొరపాటు ఇంకా పెద్దదే, కానీ దారి పూర్తిగా వేరు.

వివాదం ఒకటి మిగిలి ఉంది. దూరపు క్వేజార్లను లెక్కబెట్టి, మనం పోతున్న వైపు ఎన్ని ఎక్కువ కనిపిస్తాయో చూసి కూడా ఈ వేగం తెలుసుకోవచ్చు. 2021లో పదమూడు లక్షలకు పైగా క్వేజార్లతో ఒక బృందం ఆ పని చేస్తే, దిక్కు దగ్గరగానే వచ్చింది గానీ తేడా ఉండాల్సిన దానికి రెట్టింపు వచ్చింది. జాబితాలో వంకర ఉందా, విశ్వం గురించి మన ఊహలో ఉందా ఇంకా తేలలేదు. క్వేజార్ల లెక్కకు పళ్ళేలు మార్చి తూచే వీలు లేదు, వాటిని తీసుకెళ్లి అటువైపు పెట్టలేం. అది తేలేవరకు నా ఓటు కొమ్ముల యంత్రానికే.

ఆ దిక్కును మీరూ గుర్తుపట్టవచ్చు. ఏప్రిల్ చివరివారంలో రాత్రి తొమ్మిది గంటలకు డాబా ఎక్కి దక్షిణం వైపు తిరిగి తలెత్తండి. నడినెత్తికి దగ్గర్లో మఖ, దానికి తూర్పున ఉత్తర నక్షత్రం కనిపిస్తాయి. ఆ రెంటి నడుమ నుంచి, చేయి చాచి పట్టిన రెండు పిడికిళ్లంత కిందికి దిగితే సింహరాశి అంచు వస్తుంది. సౌరకుటుంబమంతా సెకనుకు 370 కిలోమీటర్ల చొప్పున పోతున్నది అటే.